సీటీ స్కాన్ వెనుక ఉన్న లెక్క

తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం అనుమానం వచ్చినా, కడుపునొప్పి తగ్గకపోయినా డాక్టర్లు ఈ రోజుల్లో సీటీ స్కాన్ రాస్తున్నారు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో, కాదంటే ఇంగ్లీషులోనో ఉంటుంది. మా హోసూరు వాళ్ళం పెద్ద జబ్బు చేస్తే బెంగుళూరు పోతాం. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి చదవని అవ్వలు ఆ కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసి వస్తున్నారు. "కరెంటు పెడతారా?", "ఫోటోనే కదా, అంత డబ్బెందుకు?" అని సంఘానికి ఫోన్లు వస్తుంటాయి. అందరికీ ఒక్కచోట జవాబుగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

మొదట తెలియవలసింది, అది ఫోటో కాదు. సీటీ అంటే కంప్యూటెడ్ టోమోగ్రఫీ, అనగా లెక్కకట్టి గీసిన అడ్డకోత బొమ్మ. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేలో ఒంట్లోని ఎముక, కండ, పేగు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి నీడలా కనిపిస్తాయి. సీటీలో ఎక్స్‌రే గొట్టం మనిషి చుట్టూ తిరుగుతుంది. ప్రతి కోణంలోనూ కిరణం ఎంత వెళ్ళింది, అవతల ఎంత మిగిలింది అని కొలుస్తుంది. యంత్రం చేతికి వచ్చేవి ఈ మొత్తాలే. లోపలి వివరాన్ని లెక్కతో రాబట్టాలి.

గుమాస్తా పని చేసినవాణ్ణి కనుక రిజిస్టరు భాషలో చెప్తాను. రెండు వరుసలు, రెండు నిలువు గళ్ళు ఉన్న చిన్న పట్టికలో లోపలి అంకెలు చెరిగిపోయి, మొత్తాలు మాత్రం మిగిలాయనుకోండి. పై వరుస మొత్తం 4, కింది వరుస 6, నిలువు గళ్ళు చెరి 5. లోపల ఏముండేవి? పైన 3, 1, కింద 2, 4 ఉండవచ్చు. పైన 2, 2, కింద 3, 3 ఉన్నా అవే మొత్తాలు వస్తాయి. అయితే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఐమూల మొత్తం కూడా తెలిస్తే సందేహం తీరుతుంది. మొదటి పట్టికలో అది 7, రెండో దానిలో 5. కోణాలు పెరిగేకొద్దీ సందేహం తగ్గుతుంది. యంత్రం తలచుట్టూ తిరగడం ఇందుకే.

అన్ని కోణాల మొత్తాలూ తెలిస్తే లోపలిది పూర్తిగా రాబట్టవచ్చని 1917లోనే ఆస్ట్రియా గణితజ్ఞుడు యోహాన్ రాడోన్ నిరూపించాడు. ఆయన మనసులో ఆస్పత్రి లేదు, అది శుద్ధ గణితం. దక్షిణాఫ్రికాలో భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ కార్మాక్ 1956లో కేప్‌టౌన్‌లోని ఒక ఆస్పత్రిలో కొంతకాలం పనిచేస్తూ ఇదే ప్రశ్నను సొంతంగా సాధించి 1963, 1964లలో ప్రచురించాడు. రాడోన్ పని ఉందన్న సంగతి ఆయనకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. ఆయన వ్యాసాలనూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రతి కావాలని అడిగినవారిలో స్విట్జర్లాండు మంచుచరియల పరిశోధన కేంద్రం ఒకటి. కొండ మీద పేరుకున్న మంచు లోపలి స్థితి తెలుసుకోవడానికి పనికొస్తుందేమోనని వాళ్ళ ఆశ.

యంత్రాన్ని చేసి చూపినవాడు లండన్ ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. గ్రామఫోను రికార్డుల కంపెనీగా మనకు తెలిసిన ఈఎంఐయే అది. ప్రయోగశాలలో మొదటి బొమ్మకు కొలతలు తీయడానికే 9 రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటి రోగికి తల స్కాన్ చేశారు. ఒక్క కోతకు 28,800 కొలతలు, వాటి నుంచి 80 వరుసలు, 80 గళ్ళ బొమ్మ. కార్మాక్‌కూ హౌన్స్‌ఫీల్డ్‌కూ 1979లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇద్దరూ వైద్యులు కారు, ఇద్దరికీ డాక్టరేటు లేదు.

ఇందులో మన దక్షిణాది వాటా కూడా ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పనిచేసి, తరువాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగం నెలకొల్పిన జి.ఎన్. రామచంద్రన్, ఆయనతో ఎ.వి. లక్ష్మీనారాయణన్ 1971లో ఒక పద్ధతి ప్రచురించారు. కొలతలను తిరిగి బొమ్మ మీద ఊరికే పరిచేస్తే అంతా అలుక్కుపోయినట్టు వస్తుంది. పరిచేముందే ప్రతి కొలతల వరుసనూ ఒక నిర్ణీత లెక్కతో సవరిస్తే బొమ్మ తేటపడుతుందని, కంప్యూటరు పని కూడా బాగా తగ్గుతుందని వాళ్ళు చూపారు. ఆ సవరణను ప్రపంచమంతా ఈనాటికీ "రామ్-లాక్ ఫిల్టర్" అనే పిలుస్తుంది. బెంగుళూరులో పుట్టి పెరిగిన మన పిల్లల్లో కూడా ఈ పేరు విన్నవారు తక్కువ.

బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు మైనస్ 100 దరిదాపు, గట్టి ఎముకకు వెయ్యి దాకా. మెదడుకు 35 దరిదాపు, అప్పుడే కారి గడ్డకట్టిన రక్తానికి 60 దరిదాపు. పక్షవాతంలో ప్రాణం ఈ తేడా మీదే ఉంది. నరం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది తేలాలి. మూసుకుపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, సాధారణంగా 4.5 గంటల లోపు ఇవ్వాలి. చిట్లినవారికి అదే ఇస్తే ప్రాణం పోవచ్చు. కాబట్టి "రేపు పొద్దున చూద్దాం" అనకండి.

ఇక రసాయనం సంగతి. నరాలు, కణుతులు బాగా కనబడటానికి అయోడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. అయోడిన్ బరువైన మూలకం, ఎక్స్‌రేను గట్టిగా ఆపుతుంది. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కినట్టు, నోట్లో లోహం రుచి తగిలినట్టు ఉంటుంది. భయపడనక్కరలేదు. దురద, దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. మందు కిడ్నీల గుండా పోతుంది కనుక ముందు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవారు, ఇదివరకు ఈ మందు పడనివారు ముందే చెప్పి తీరాలి. రొయ్యలు పడనివారికి ఈ మందూ పడదన్న మాట మన ఇళ్ళలో ఉంది. రొయ్యలతో వచ్చే ఎలర్జీకి కారణం వాటిలోని ప్రోటీను, అయోడిన్ కాదు.

రేడియేషన్ మాట దాచకూడదు. తల స్కాన్‌కు సుమారు 2 మిల్లీసీవర్టులు, ఛాతీకి 7 దాకా, కడుపుకు 8 నుంచి 10. మామూలు ఛాతీ ఎక్స్‌రేకు 0.1 లోపే. నేల, గాలి, ఆకాశం నుంచి మనకు సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. ఇది ఊరిని బట్టి మారుతుంది. ఒడిశాలో మనవాళ్ళు ఉండే ఛత్రపురం తీరాన ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది గనుక అలాంటి చోట్ల ఎక్కువ. అవసరమైన స్కాన్‌ను ఈ అంకెలు చూసి మానుకోవద్దు. అయితే పాత స్కాన్ సీడీ, రిపోర్టు దాచుకోకపోవడం వల్ల మళ్ళీ తీయించుకోవడం వృథా. గర్భిణులు తప్పకుండా ముందే చెప్పాలి. సీటీ యంత్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి, అడిగే హక్కు మనకుంది.

భూమికి కూడా ఈ లెక్కే. భూకంప తరంగాలు ఎక్కడ త్వరగా, ఎక్కడ ఆలస్యంగా చేరాయో కొలిచి లోపలి రాతిపొరల బొమ్మ గీస్తారు. 1967 డిసెంబరు 11న భూకంపం వచ్చిన మహారాష్ట్ర కొయ్నా ప్రాంతాన్ని హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు ఇలా పరిశీలించారు. నేలలోంచి తీసిన రాతి ముక్కలను సాక్షాత్తూ సీటీ యంత్రంలోనే పెట్టి సందులు చూస్తారు. రాయి కదలదు, అదొక సౌకర్యం.

మనిషి కదులుతాడు. ఛాతీ, కడుపు స్కాన్ తీసేటప్పుడు కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమంటారు. ఆ మాట అర్థంకాక ఊపిరి వదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్ళీ తీయవలసి రావచ్చు. స్కాన్ గదిలోకి పంపేముందు పెద్దవాళ్ళకు ఈ మాట నేర్పించండి. కన్నడంలో "ఉసిరు హిడిదుకొళ్ళి", తమిళంలో "మూచ్చై పిడిచ్చుక్కోంగ", మరాఠీలో "శ్వాస్ రోఖూన్ ధరా", ఒడియాలో "నిశ్వాస బంద్ కరంతు", హిందీలో "సాంస్ రోకియే". అన్నిటికీ అర్థం ఒకటే, ఊపిరి పట్టండి.