రెండు లైబ్రరీల కలహము

మన తాతల నాడు ఒక యూరి కుంచము మఱియొక యూరి కుంచముతో సరిపడెడిది కాదు. పేరు ఒక్కటియే, కొలత మాత్రము వేఱు. తన యూరి కుంచముతో ధాన్యము కొలిచికొని పొరుగూరి సంతకు బోయిన రైతు, అక్కడి కుంచముతో కొలువగా తక్కువ వచ్చినచో, తన్నెవరో మోసగించిరని తలచెడివాడు. ఆ మోసము మనుష్యులది కాదు, పేరుది. 1956వ సంవత్సరమున భారత ప్రభుత్వము తూనికలు కొలతల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని తెచ్చినది గాని, అంతవఱకు ఈ చిక్కు దేశమంతట నుండెను. నేనిప్పుడు చెప్పబూనిన కథ కంప్యూటరులకు సంబంధించినదే యైనను, దాని మూలము ఈ కుంచపు తగవులోనే యున్నది.

2014వ సంవత్సరారంభమున నేనొక పాఠశాల వెబ్ సర్వరును చూచుకొనుచుంటిని. పిల్లల మార్కులు, తల్లిదండ్రుల చిరునామాలు, రుసుముల లెక్కలు అందుండెడివి. ప్రధానోపాధ్యాయులుగారు వృద్ధులు. ఒకనాడు నన్ను పిలిచి, "నాయనా, బ్యాంకువారి పుట తెఱచినప్పుడు పైన చిన్న తాళపుకప్ప బొమ్మ కనబడుచున్నది. మన బడి పుటకు అది యేల లేదు? పిల్లల సంగతులు నలుగురి కంట బడరాదు గదా!" అనిరి. "పది నిమిషముల పని, మాస్టారూ, ఈ రాత్రికే చేసెదను" అంటిని. ఆ పది నిమిషముల పని మూడు రాత్రులు పట్టినది. దాని ఫలము నేను తెలిసికొనుటకు మఱి రెండు నెలలు పట్టినది.

సర్వరునకు, మన యింటిలోని యంత్రమునకు నడుమ మామూలుగా నడచు మాటలు పోస్టుకార్డు వంటివి. దారిలో నెవరైనను చదువవచ్చును. ఎస్‌ఎస్‌ఎల్ అనియు, తరువాత టీఎల్‌ఎస్ అనియు పేరొందిన పద్ధతి వానిని లక్కముద్ర వేసిన కవరులో నుంచును. ఈ విద్య అపాచీ యను సర్వరు ప్రోగ్రామునకు స్వతస్సిద్ధముగా రాదు. ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీ నుండి అరువు తెచ్చుకొనును. లైబ్రరీ యనగా నిచ్చట పుస్తకముల యిల్లు కాదు. పెక్కు ప్రోగ్రాములకు కావలసిన పనులను ఒకచోట వ్రాసి యుంచిన ఉమ్మడి భాండారము. సర్వరు "ఈ పేరుగల పని చేసిపెట్టుము" అని యడుగును; భాండారము చేసిపెట్టును.

మా యంత్రముతో వచ్చినది ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ 0.9.8 అను పాత ముద్రణము. టీఎల్‌ఎస్ 1.2 దానికి తెలియదు. కావున నేను 1.0.1 అను కొత్త ముద్రణమును తెచ్చి వేఱొక డైరెక్టరీలో నుంచితిని. తాళము వేయు మాడ్యూలును కట్టి సర్వరును మరల నడుపబోగా, అది లేవనే లేదు. "ఈ పేరుగల పని దొరకలేదు" అని యర్థమిచ్చు ఒక్క వాక్యమును వ్రాసి ఊరకుండెను. సర్టిఫికెట్టును సరిచూచితిని, అనుమతులను సరిచూచితిని. తప్పు అక్కడ లేదు. ఏ ప్రోగ్రాము ఏ లైబ్రరీ ఫైలును తెఱచునో చూపు ఎల్‌డీడీ యను చిన్న సాధనమును ప్రయోగించిన పిమ్మట సంగతి తెల్లమైనది. మాడ్యూలును కట్టునప్పుడు చూచినది కొత్త పుస్తకపు విషయసూచిక. నడపునప్పుడు తెఱచినది పాత పుస్తకము. సూచికలో నున్న ప్రకరణము పుస్తకములో లేదు.

రెండవ రాత్రి, కొత్త డైరెక్టరీనే ముందు చూడవలసినదని సర్వరునకు ఆజ్ఞాపించితిని. తాళపుకప్ప బొమ్మ వచ్చినది. కాని మార్కుల పుట తెఱచినంతనే లోపలి ప్రక్రియ కూలిపోవుచుండెను. ఆ పుట పీహెచ్‌పీతో వ్రాయబడినది. పీహెచ్‌పీ డేటాబేసుతో మాటలాడుటకు వాడుకొను భాగము పాత లైబ్రరీని వెంటబెట్టుకొని వచ్చినది. ఒకే ప్రక్రియలో, ఒకే పేరులుగల రెండు భాండారములు చేరినవి. ఒకటి సిద్ధపఱచిన దానిని మఱియొకటి తనదనుకొని విప్పుచున్నది. లోపలి యమరిక వేఱగుటచే తప్పుచోట చేయి పెట్టి కూలుచున్నది. మన కుంచపు తగవే!

మూడవ రాత్రి, సంబంధించిన ప్రోగ్రాములన్నిటిని నా కొత్త లైబ్రరీతోనే మరల కట్టితిని. అంతయు చక్కగా నడచినది. ప్రధానోపాధ్యాయులుగారు ఆ బొమ్మను చూచి సంతసించిరి. నేనును గర్వించితిని.

ఈ చిక్కు ఏల పుట్టినదని విచారించినచో రెండు పాయల చరిత్ర కనబడును. మొదటిది పొదుపు కథ. కంప్యూటరులలో జ్ఞాపకస్థలము మిక్కిలి వెలగలదై యుండిన దినములలో ప్రతి ప్రోగ్రామును తనకు కావలసినదంతయు తనలోనే మోసికొనిపోవుట దుబారా యయ్యెను. 1988లో సన్ సంస్థవారి సన్‌ఓఎస్ 4.0, నడచునప్పుడు మాత్రమే లైబ్రరీని తెచ్చి జతచేయు ఏర్పాటుతో వెలువడెను. ఇట్టి పద్ధతి క్రమముగా యూనిక్సు కుటుంబమంతట వ్యాపించెను. దీనివలన స్థలము మిగులుటయే కాదు, ఒక్కచోట దిద్దిన తప్పు అందఱికిని దిద్దుబాటగును. కాని ఒక్కచోట మార్చిన కొలత అందఱికిని మారిపోవును గదా!

రెండవది రహస్యపు కథ. 1994లో స్థాపింపబడిన నెట్‌స్కేప్ సంస్థవారు ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతిని కల్పించిరి. ఈజిప్టున పుట్టి, ఆ సంస్థకు ముఖ్యశాస్త్రజ్ఞుడుగా నుండిన తాహెర్ ఎల్‌గమాల్ పేరు దీనితో ముడిపడి యున్నది. మొదటి ముద్రణము లోకమునకు రానేలేదు. రెండవది 1995లో వచ్చెను. దాని లోపములు దిద్ది మూడవదానిని 1996లో తెచ్చిరి. ఆ కాలమున అమెరికా ప్రభుత్వము గట్టి రహస్యలిపిని యుద్ధసామగ్రితో సమానముగా నెంచి, విదేశములకు 40 బిట్ల బలహీనపు తాళపుచెవిని మాత్రమే పోనిచ్చెడిది. 1995 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున డామియన్ డొలిజే యను పరిశోధకుడు ఎనిమిది దినములలో అట్టి తాళమునొకదానిని విప్పి, దాని బలమెంతయో లోకమునకు చూపెను.

ఈ చట్టమునకు లోబడనివాడు ఆస్ట్రేలియాలో నుండిన ఎరిక్ యంగ్. అతడు 1995లో టిమ్ హడ్సన్‌తో కలిసి, ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై యను లైబ్రరీని వ్రాసి ఉచితముగా పంచెను. దాని పేరులోని చివరి అక్షరములు అతని పేరులోని మొదటి యక్షరములే. 1998 డిసెంబరులో ఆ లైబ్రరీయే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌గా కొత్త చేతులలోనికి వచ్చినది. ఇక అపాచీ సర్వరు 1995లో అమెరికాలో రూపొందెను. చట్టభయముచే రహస్యలిపిని అందులో చేర్చుట సాధ్యపడలేదు. ఇంగ్లాండులో బెన్ లారీ, 1998లో జర్మనీలో రాల్ఫ్ ఎంగెల్‌షాల్, బయటినుండి దానికి అంటు కట్టిరి. ఎంగెల్‌షాల్ కట్టిన అంటు పేరు మాడ్‌ఎస్‌ఎస్‌ఎల్. ఆ యంటు నిలుచుటకు అపాచీ లోపలి యమరికనే కొంత మార్పవలసి వచ్చెను. పాత యమరికకు కట్టిన మాడ్యూలును తెచ్చి కలిపినచో, ఇది కూలవచ్చును, మరల కట్టుకొనుడని సర్వరే హెచ్చరించెడిది. చట్టము గీచిన సరిహద్దు ప్రోగ్రాములోని అతుకుగా మిగిలినది. అమెరికా ఆంక్షలు 2000 జనవరిలో సడలెను. ఆ సెప్టెంబరులోనే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిపై పేటెంటు తీరెను. 2002లో వెలువడిన అపాచీ 2.0 మాడ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తనలోనే చేర్చుకొనెను. సరిహద్దు చెరగినది గాని, లైబ్రరీ మాత్రము నేటికిని వేఱుగానే యున్నది.

ఈ రెండు పాయలును కలిసిన చోటనే కలహము పుట్టుచున్నది. ఉమ్మడి భాండారము స్థిరముగా నుండవలెను. అందుండు కొలతలు మారరాదు. రహస్యవిద్యయో, ఎప్పటికప్పుడు మారుచుండవలెను. నిన్నటి తాళము నేడు విప్పబడును గనుక. మారరాని చోట మారక తీరని దానిని నిలిపితిమి. ఇందు ఒక్కరి తెలివితక్కువతనము లేదు.

ఇప్పుడు నా కథకు మరల వత్తును. 2014 ఏప్రిల్ 7వ తేదీన హార్ట్‌బ్లీడ్ అను లోపము లోకమునకు వెల్లడియైనది. గూగుల్ సంస్థలోని నీల్ మెహతాయు, ఫిన్లాండు దేశపు కోడెనామికాన్ సంస్థవారును వేర్వేఱుగా దానిని కనుగొనిరి. సంబంధము సజీవముగా నున్నదా యని పలుకరించు చిన్న సందేశములో, తన మాట పొడవెంతయో అబద్ధము చెప్పినవానికి, సర్వరు తన జ్ఞాపకము నుండి ఒక్కొక్కసారి 64 కిలోబైట్ల వఱకు తీసి యిచ్చివేయును. అందు సంకేతపదములుండవచ్చును, సర్వరు రహస్యపు తాళపుచెవియే యుండవచ్చును. ఈ లోపము 2012 మార్చిలో వచ్చిన 1.0.1 ముద్రణముతో ప్రవేశించినది. పాతదగు 0.9.8లో ఇది లేదు.

ఆనాడే నేను యంత్రమునకు తాజా దిద్దుబాటులన్నిటిని తెప్పించితిని. అంతయు సరిగానున్నదని యంత్రము చెప్పినది. "మనకు భయము లేదు, మాస్టారూ" అని చెప్పి యింటికి బోయితిని. రెండు దినములకు, ఏదో సందేహము తోచి, బయటి నుండి పరీక్షింపగా మా సర్వరు ఇంకను కారుచునే యున్నది! యంత్రము దిద్దినది తన లైబ్రరీలను. నేను వేఱొక డైరెక్టరీలో దాచిన 1.0.1 సంగతి దానికెట్లు తెలియును? కలహము తీర్చితినని గర్వించిన నేను, ఉమ్మడి బావిని విడిచి పెరటిలో నొక నుయ్యి త్రవ్వుకొంటిని. ఊరివారు బావిని శుద్ధిచేసిననాడు నా నూతిని చూచువారెవరును లేకపోయిరి.

ఆ రాత్రియే లైబ్రరీని మార్చి, కొత్త తాళపుచెవి చేసి, పాత సర్టిఫికెట్టును రద్దు చేయించితిని. ఎవరైన నేమైన తీసికొనిపోయిరా యని తెలిసికొనుటకు మామూలు లాగులలో ఆనవాలే మిగులదు. మఱునాడు ప్రధానోపాధ్యాయులుగారికి ఉన్నదున్నట్లు విన్నవించితిని. వారు కొంతసేపు మౌనముగా నుండి, "తల్లిదండ్రులందఱికి జాబు వ్రాయుము. సంకేతపదములు మార్చుకొమ్మని వ్రాయుము. ఎందుకో కూడ వ్రాయుము. క్రింద నేను సంతకము చేసెదను" అనిరి. తప్పు నాది, సంతకము వారిది. ఆ జాబు వ్రాసినంత కష్టముగా నేనింతవఱకు మఱేదియు వ్రాయలేదు.

ఆ యుత్పాతము పిమ్మట లోకము గ్రహించిన దొకటి కలదు. భూగోళమందలి సర్వరులలో చాలభాగము తాళము వేసికొనుటకు ఆధారపడిన ఆ లైబ్రరీని బాగుచేయువారు బహు కొలదిమంది. ఆ పనికి వచ్చు విరాళములు సంవత్సరమునకు సుమారు 2,000 డాలరులని నాడు ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ ఫౌండేషన్‌ను నడిపిన స్టీవ్ మార్కెస్ బహిరంగముగా వ్రాసెను. ఆ యేడే పెద్దసంస్థలు కలిసి ధనసహాయము ప్రారంభించినవి. ఓపెన్‌బీఎస్‌డీ వారు లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అనియు, గూగుల్‌వారు బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనియు వేఱు కాపురములు పెట్టిరి. పేరులు ఒకటే, కొలతలు వేఱు అను చిక్కు ఇంకను పెరిగినది.

2016 ఆగస్టులో వెలువడిన ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 తన లోపలి యమరికలను బయటివారి కంట బడకుండ మూసివేసెను. వానిని తాకుచుండిన ప్రోగ్రాములను తిరుగ వ్రాయవలసి వచ్చెను. 2017లో వచ్చిన డెబియన్ 9 పాతదానిని కొత్తదానిని రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొనవలసి వచ్చెను. 2021లో 3.0 వచ్చినది, మరల అదే శ్రమ. 1.1.1కు ఉచితమగు దిద్దుబాటులు 2023 సెప్టెంబరుతో నిలిచిపోయినవి. ఈ మార్పులు వలదనుటకు వీలులేదు. ఆ మూసివేతయే రేపటి మార్పులను తేలికపఱచినది.

ఇట్టి కలహము తటస్థించినప్పుడు నేను వేసికొను ప్రశ్నలు మూడు. నడచునప్పుడు నిజముగా తెఱచుచున్న ఫైలు ఏది? దానిని వాడుకొను తక్కిన ప్రోగ్రాములు ఏ ముద్రణముతో కట్టబడినవి? రేపు అందు లోపము బయటపడినచో దిద్దు బాధ్యత ఎవరిది? మొదటి రెంటికి సమాధానము దొరకినంతనే సర్వరు లేచును, బొమ్మ కనబడును, అందఱును ఇండ్లకు బోవుదురు. ఆనాడు నేను మూడవ ప్రశ్న వేసికొనలేదు.

తాళపుకప్ప బొమ్మ యున్నంత మాత్రమున తలుపు భద్రమని కాదు. ఆ తాళమును ఎవరో యొకరు ఏటేట నూనె వేసి, అఱిగిన చెవిని మార్చి, కనిపెట్టుచుండవలెను. ప్రధానోపాధ్యాయులుగారు ఇప్పుడు లేరు. వారు సంతకము చేసిన ఆ జాబు ప్రతి నా పెట్టెలో నున్నది. ఎప్పుడైన ఎవరైన నాతో "పది నిమిషముల పని" అన్నప్పుడు దానినొకసారి తీసి చదువుకొందును.