పాత కార్ల నిల్వలో తేమ నివారణ

వాడుకలో లేని పాత కారును నెలలు, సంవత్సరాల తరబడి షెడ్డులో ఉంచవలసి వచ్చినపుడు ఇనుప భాగాలకు తుప్పు, సీట్లకు బూజు పట్టకుండా తీసుకొనే జాగ్రత్తలను తేమ నివారణ చర్యలు అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో పాత కారు అనగానే గుర్తుకు వచ్చేవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. పద్మిని తయారీ ఏనాడో ఆగిపోయినది. హిందూస్తాన్ మోటార్స్ సంస్థ అంబాసిడర్ తయారీని 2014లో నిలిపివేసినది. కనుక ఉన్నవాటిని కాపాడుకొనుట తప్ప వేరు మార్గము లేదు.

తేమకు కారణాలు

ఈ ప్రాంతంలో ఎండలు తీవ్రము. అందుచేత తేమ కోస్తా వారి సమస్య అని పలువురు భావిస్తారు. ఇది పొరపాటు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో గాలిలో తేమ బాగా పెరుగుతుంది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ కింద వరి సాగయ్యే గ్రామాలలో షెడ్డు చుట్టూ నీరు నిలిచిన మళ్ళే ఉంటాయి.

చలికాలంలో మరొక ఇబ్బంది కలదు. రాత్రి చల్లబడిన రేకుకు ఉదయపు గాలి తగిలినపుడు, చల్లని నీరు పోసిన చెంబుకు చెమట పట్టినట్లే, కారు లోపలి వైపున కూడా నీటి బిందువులు ఏర్పడతాయి. మట్టి నేల, పాత గచ్చు కూడా భూమిలోని తడిని పైకి పీలుస్తాయి.

2021 సెప్టెంబరులో భారీ వర్షాలకు సిరిసిల్ల పట్టణంలో పలు కాలనీలు నీట మునిగినవి. పల్లములో ఉన్న షెడ్డుకు ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రయోజనము ఉండదు. ముందు మెరక స్థలము చూసుకోవలెను.

నష్టం

తుప్పు పైకి కనిపించే చోట మొదలు కాదు. తలుపుల అడుగు, చక్రాల పై గుండ్రని రేకుల లోపలి అంచులు, నేల రేకు ముందుగా తినివేయబడతాయి. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొని గొట్టాలను లోపలి నుండి పాడుచేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు కూడా తేమను పీల్చుకొంటుంది. నీరు ఎక్కువైతే విడివడి ట్యాంకు అడుగున చేరుతుంది.

చాసిస్ సంఖ్య తుప్పులో చెరిగిపోవుట మరింత పెద్ద నష్టము. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము 50 ఏళ్ళు పైబడి, అసలు రూపము మారని వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినది. సంఖ్య చెరిగిన బండికి, సగము రేకులు మార్చిన బండికి ఆ అవకాశము దక్కించుకొనుట కష్టము.

జాగ్రత్తలు

నిల్వకు ముందు అడుగుభాగములోని బురదను కడిగి, రెండు మూడు రోజులు ఎండలో పూర్తిగా ఆరనివ్వవలెను. తలుపుల కింది నీరు కారే రంధ్రాలను పుల్లతో శుభ్రపరచాలి. ఇంజను నూనె, బ్రేకు ద్రవము కొత్తవి పోయాలి. ట్యాంకును ఖాళీ చేసి ఆరబెట్టుట మేలు. బ్యాటరీ తీసివేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచరాదు, తేమకు బ్రేకులు డ్రమ్ములకు అతుక్కొంటాయి. చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టిన చాలును. కారు కింద నేలపై మందపాటి పాలిథిన్ పరచాలి.

అదే పాలిథిన్‌ను కారుపై కప్పుట మాత్రము చేయరాదు. లోపలి ఆవిరి బయటకు పోలేక రేకు మీదనే నిలుస్తుంది. గాలి ఆడే నూలు గుడ్డ ఉత్తమము. నేత పట్టణమైన సిరిసిల్లలో గుడ్డకు కొరత ఉండదు కదా.

కారు లోపల సిలికా జెల్ సంచులు ఉంచి, రంగు మారినపుడు వేడిచేసి తిరిగి వాడవచ్చు. కాల్షియం క్లోరైడ్ తేమను బాగా పీల్చినా ద్రవముగా మారి, ఒలికితే ఇనుమును తింటుంది, కారులో వాడరాదు.

వారానికి ఒకసారి ఐదు నిమిషాలు ఇంజను నడిపితే చాలుననే నమ్మకము బలముగా ఉన్నది. నిజానికి లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ఆపితే ఆ నీరు సైలెన్సరులోనూ నూనెలోనూ మిగిలిపోతుంది. నడిపితే అరగంట రోడ్డుపై నడపాలి, లేనిచో ముట్టుకొనరాదు.

నిజాము కారు

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరికపై తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. 1911లో ఆయన మరణించిన తరువాతనే అది హైదరాబాదు చేరినది. ఊరేగింపులకే వాడుటచే కొన్ని వందల మైళ్ళు మాత్రమే తిరిగినది. అయినను దశాబ్దాల నిల్వ తరువాత దానికి పునరుద్ధరణ అవసరమైనది. ఎంత తక్కువ తిరిగినదను లెక్క కారు ఆరోగ్యానికి కొలమానము కాదు.

తిరిగి బయటకు తీయునపుడు

ఎలుకలు దూరకుండా సైలెన్సరులో కుక్కిన గుడ్డను ముందుగా తీయాలి. దానిని మరచిపోకుండుటకు స్టీరింగుకు ఒక చీటీ కట్టి ఉంచుట మంచి పద్ధతి.