డేవిడ్ డేచెస్ - రెండు లోకముల పండితుడు

పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండు కుటుంబములకు ఒక ప్రశ్న తప్పదు. ఇంటి భాషను, ఇంటి ఆచారమును కాపాడుకొనుటయా, లేక ఊరి భాషలో, ఊరి విద్యలో కలసిపోవుటయా యనునదే ఆ ప్రశ్న. రెండును ఒకేమారు సాధ్యమగునా యని మన పెద్దలలో పలువురు సంశయింతురు. ఈ సంశయమునకు ఒక పండితుని జీవితము చెప్పిన సమాధానమును పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆయన మన దేశమువాడు కాడు. అయినను ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ. చదివిన మన బిడ్డలకు ఆయన పేరు క్రొత్తది కాదు. 1960లో వెలువడిన ఆయన ఆంగ్ల సాహిత్య చరిత్ర మన దేశపు కళాశాలలలో చిరకాలముగా పఠింపబడుచున్నది. ఆయనయే డేవిడ్ డేచెస్. మేము మెట్రిక్యులేషను వరకు మాత్రమే చదివి గుమాస్తా కొలువున జీవితము గడిపినవారము. విమర్శకులము కాము. కావున ఆయన పాండిత్యమును తూచుటకు గాక, ఆయన బ్రదుకును తెలిసికొనుటకే పూనుకొనుచున్నాము.

డేచెస్ 1912 సెప్టెంబరు 2వ తేదీన ఇంగ్లండులోని సండర్లండు పట్టణమున జన్మించెను. తండ్రి సాలిస్ డేచెస్ లిథువేనియా ప్రాంతపు యూదు పండిత వంశమునకు చెందినవాడు. రబ్బీ, అనగా యూదులకు మతగురువు. ఆయన జర్మనీలోని లైప్జిగు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. అందులకు ఆయన ఎన్నుకొన్న విషయము స్కాట్లండు తత్త్వవేత్తయగు డేవిడ్ హ్యూము రచనలు. మతగురువు కాబోవు యువకుడు సంశయవాదియైన హ్యూమును పఠించుట విశేషము కదా! మొదటి ప్రపంచ యుద్ధానంతరము సాలిస్ డేచెస్ ఎడింబరో నగరమునకు రబ్బీగా వచ్చెను. కుమారుడు ఆ నగరముననే పెరిగెను.

ఆ బాల్యమును డేచెస్ 1956లో 'టూ వరల్డ్స్', అనగా 'రెండు లోకములు' అను గ్రంథమున వర్ణించెను. ఇంటిలో హీబ్రూ ప్రార్థనలు, నియమ భోజనము, విశ్రాంతి దినపు నిష్ఠ. వీధిలో స్కాటులాండు మాట, స్కాటులాండు పాట. జార్జి వాట్సన్సు పాఠశాలలో ఆటలు శనివారమున జరుగుచుండెను. శనివారము యూదులకు విశ్రాంతి దినమగుటచే ఈ బాలుడు ఆటలలో చేరజాలకుండెను. చదువులో అందరికిని ముందు, ఆటలలో అందరికిని దూరము. పండుగనాడు బడికి సెలవు లేక, బడి సెలవునాడు పండుగ లేక పెరిగిన మన పిల్లలకు ఈ సంగతిని వివరింప నక్కరలేదు.

ఆ గ్రంథమున మాకు మిక్కిలి హృద్యముగా తోచిన భాగము 'ట్రెబ్లర్లు' అను వారిని గూర్చినది. వీరు తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన పేద యూదులు. పెట్టెలు మోసికొని, రైలెక్కి, ఫైఫు ప్రాంతపు పల్లెలకు పోయి సరుకులు విక్రయించుచుండిరి. ప్రయాణికుడను అర్థముగల 'ట్రావెలరు' అను ఆంగ్లపదమే వారి నోట 'ట్రెబ్లరు' అయినది. వారికి ఇంటి భాష యిడ్డిషు. బేరమాడిన భాష పల్లెజనుల స్కాట్సు. ఈ రెండును వారి నాలుకపై కలసి, ప్రపంచమున మరెచ్చటను లేని ఒక వింత మాటతీరు పుట్టినది. వ్యాకరణము ఒకచోటిది, పదములు మరియొకచోటివి. నవ్వువారు నవ్విరి. కాని వారి బిడ్డలు బడికిపోయి, చక్కని ఆంగ్లము నేర్చి, వైద్యులును న్యాయవాదులును అయిరి. ఆ మాటతీరు ఆ తరముతోనే అంతరించెను. డేచెస్ తన గ్రంథమున దానిని వ్రాసియుంచుటచేతనే ఈనాడు మనకు దాని రుచి తెలియుచున్నది.

ఎడింబరో విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, డేచెస్ ఆక్సుఫర్డులోని బేలియలు కళాశాలలో చేరెను. అచ్చట ఆయన పరిశోధించిన విషయము హీబ్రూ బైబిలునకు వచ్చిన ఆంగ్లానువాదములు. ఇంటి విద్య ఈ విధముగా విశ్వవిద్యాలయపు విద్యగా మారెను. జేమ్సు రాజు కాలపు బైబిలు అనువాదముపై ఆయన రచించిన గ్రంథము 1941లో వెలువడెను. అంతకు ముందే, 1937లో, ఆయన తన సహాధ్యాయినియు, స్కాటు వనితయు అగు ఇసొబెల్ మకేను వివాహమాడి, అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున అధ్యాపకుడాయెను. రబ్బీ కుమారుడు అన్యమతమున పుట్టిన కన్యను వివాహమాడుట ఆ యింట స్వల్ప విషయము కాదని పాఠకులు గ్రహింపగలరు. 1945లో తండ్రి మరణించునాటికి కుమారుడు సముద్రమునకు ఆవల అమెరికాలోనే యుండెను.

షికాగోలో నున్న కాలముననే ఆయన ఆధునిక సాహిత్య విమర్శకుడుగా పేరొందెను. 1939లో 'నవల - ఆధునిక ప్రపంచము' అను అర్థమిచ్చు గ్రంథమును, 1940లో ఆధునిక కవిత్వముపై మరియొక గ్రంథమును, 1942లో వర్జీనియా వుల్ఫుపై వేరొక గ్రంథమును ప్రకటించెను. జేమ్సు జాయిసు 'యులిసీజు' వెలువడినది 1922లో. అట్టి రచనలు పాఠకులకు అర్థము కానివని ఆక్షేపణ మెండుగా నుండెడి దినములవి. డేచెస్ ఆ కష్టమునకు కారణమును వెదకెను. పూర్వపు నవలాకారునికిని పాఠకునికిని జీవితమున ఏది ముఖ్యము, ఏది అముఖ్యము అను విషయమున ఏకాభిప్రాయ ముండెడిది. ఇరువదవ శతాబ్దమున ఆ ఉమ్మడి విశ్వాసము సడలెను. కావున రచయిత తన విలువలను తానే కల్పించుకొని, క్రొత్త పద్ధతిని వెదకుకొనవలసివచ్చెను. ఇదియే ఆయన సిద్ధాంత సారము. ఉమ్మడి విశ్వాసము లేనిచోట మనుష్యుడెట్లు మాటలాడవలెనను ప్రశ్న ఆయనకు పుస్తకములలో మాత్రమే ఎదురుకాలేదని మాకు తోచుచున్నది.

యుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వ సమాచార శాఖలోను, వాషింగ్టను రాయబార కార్యాలయమునందును పనిచేసి, 1946 నుండి 1951 వరకు కార్నెలు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండెను. స్వదేశమునకు దూరముగా నున్న ఆ సంవత్సరములలోనే ఆయన మనస్సు స్కాట్లండుపై నిలిచెను. 1947లో స్టీవెన్‌సనుపై గ్రంథము వ్రాసెను. బాలుర కథలు చెప్పువాడని తేలికగా చూడబడుచుండిన స్టీవెన్‌సనును గంభీర విమర్శకు తగిన రచయితగా నిలిపిన తొలి గ్రంథములలో అది యొకటి. 1950లో రాబర్టు బర్న్సుపై గ్రంథము వెలువడెను. బర్న్సు చదువురాని పొలముకాపు అనియు, దైవమే వానికి కవిత్వము నేర్పెననియు ఎడింబరో పెద్దలు ఆ కాలమున మెచ్చుకొనిరి. డేచెస్ ఆ మెప్పును అంగీకరింపలేదు. బర్న్సు స్కాట్సును ఆంగ్లమును రెంటిని ఎరిగి, ఎచ్చట ఏ మాట పలుకునో తెలిసి వ్రాసిన నేర్పరియని ఆయన చూపెను. 1786లో కిల్మార్నకు పట్టణమున 612 ప్రతులుగా అచ్చయిన ఆ కవి తొలి సంపుటమే ఇందుకు సాక్ష్యము.

1964లో ప్రకటించిన 'స్కాటు సంస్కృతిలోని వైపరీత్యము' అను అర్థముగల చిన్న గ్రంథము మనవంటివారు ముఖ్యముగా తెలిసికొనదగినది. 1707లో స్కాట్లండు తన పార్లమెంటును వదలుకొని ఇంగ్లండుతో ఏకమాయెను. ఆ తరువాత స్కాటు విద్వాంసులు ఇంటిలో స్కాట్సు మాటలాడుచు, కాగితముపై మాత్రము లండనువారు తప్పుపట్టని ఆంగ్లము వ్రాయుటకు తహతహలాడిరి. హ్యూమంతటివాడు విడువదగిన స్కాటు నుడికారముల పట్టికను కూర్చెను. మరణ సమయమున ఆయన తన పాపములను గాక స్కాటు నుడికారములనే ఒప్పుకొనెనని ఒక పరిహాసోక్తి కూడ కలదు. 1761లో ఎడింబరో పెద్దలు ఒక ఐర్లండు నటునిచే ఆంగ్లోచ్చారణమును గూర్చి ఉపన్యాసములిప్పించుకొనిరి. ఒక భాషలో ఆలోచన, మరియొక భాషలో అనుభూతి. తత్త్వశాస్త్రము, చరిత్ర ఆంగ్లమున వెలిగెను. ప్రాణమున్న పాట స్కాట్సులో మిగిలెను. ఆ శతాబ్దపు వైభవమునకును, లోపమునకును ఈ చీలికయే మూలమని డేచెస్ నిరూపించెను.

1951లో ఆయన కేంబ్రిడ్జికి వచ్చెను. 1961 నుండి 1977 వరకు నూతనముగా స్థాపింపబడిన ససెక్సు విశ్వవిద్యాలయమున ఆంగ్ల విభాగమును తీర్చిదిద్దెను. పిమ్మట ఎడింబరోకు మరలి వచ్చి, 1980 నుండి 1986 వరకు అచ్చటి విశ్వవిద్యాలయపు ఉన్నత మానవీయ విద్యల సంస్థకు అధ్యక్షుడుగా నుండెను. స్కాట్సు భాషలో ఆధునిక కవిత్వమును సృజించిన హ్యూ మక్డయర్మిడును ఆదరించి వ్యాసములు రచించెను. ఆధునికత యనిన పల్లెమాటను విడుచుటయే యను భ్రమను మక్డయర్మిడు 1926 నాటి దీర్ఘకావ్యము పోగొట్టినది. 1983లో ఎడింబరోలో డేచెస్ ఇచ్చిన గిఫర్డు ఉపన్యాసములు 'దేవుడు - కవులు' అను అర్థమిచ్చు పేరుతో మరుసటి ఏట గ్రంథరూపమున వెలువడెను. యోబు గ్రంథముతో ఆరంభమై స్కాటు కవుల వరకు సాగిన ఆ ఉపన్యాసములలో తండ్రి విద్యయు, ఊరి విద్యయు ఒకే వేదికపై కూర్చుండినవి. 2005 జూలై 15వ తేదీన డేచెస్ ఎడింబరోలోనే కన్నుమూసెను.

ఈ జీవితమునుండి మనము సులభమైన ఓదార్పును తీయరాదు. రెండు లోకములును ఒకటియే కాగలవని తండ్రి నమ్మెను. కుమారుడు తన గ్రంథమునకు 'రెండు లోకములు' అని పేరు పెట్టెను. తండ్రి నిష్ఠను ఆయన నిలుపుకొనలేదు. కాని మరచిపోనూలేదు, దాచిపెట్టనూలేదు, దానిని గూర్చి సిగ్గుపడనూలేదు. ఆచారమున నిలువనిది అక్షరమున నిలిచెను.

మనలో మదుర, కోయంబత్తూరు ప్రాంతములవారి పూర్వులు నాయకరాజుల కాలమున వలసపోయిరి. బరంపురమువారు ఎచ్చటికిని పోలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఎల్లయే వారిని దాటిపోయెను. త్రోవ ఏదైనను నేడు అందరి స్థితియు ఒక్కటియే. మన ఇండ్లలోని తెలుగు తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో కలుపుకొని ఒక ప్రత్యేకమైన మాటతీరుగా మారినది. కోస్తానుండి వచ్చిన చుట్టములు దానిని విని నవ్వుదురు. మన పిల్లలు ఆ నవ్వునకు వెరచి ఆ మాటనే విడుచుచున్నారు. ట్రెబ్లర్ల మాట యొక తరములో పోయినట్లు ఇదియు పోగలదు.

పిల్లలు ఊరి భాషలో ఉన్నత విద్య నేర్వవలసినదే. అందు సందేహము లేదు. కాని ప్రతి కుటుంబమునను వ్రాయగల వారొక్కరు ఇంటి ముసలివారి వద్ద కూర్చుండి, వారి మాటలను, సామెతలను, పెండ్లిపాటలను, వచ్చిన త్రోవను ఒక పుస్తకమున యథాతథముగా వ్రాసియుంచవలెను. సంస్కరింప నక్కరలేదు. తప్పులను దిద్ద నక్కరలేదు. ఇందులకు పండితుడే కావలెనను నియమము లేదు. ఒక బౌండు పుస్తకము, ఒక కలము, కొంత ఓపిక చాలును.