ఓడ వెళ్లిపోతుంది, ఊరు మిగులుతుంది

ఇవాళ పాలకుర్తి నుంచి మాట్లాడుతున్నాను. సముద్రం కనపడని ఊళ్లో ఓడల ముచ్చట ఎందుకు అంటారా? కాస్త ఓపికగా వినండి, సంగతి మీకే తెలుస్తుంది.

2022 జూన్‌లో విశాఖపట్నానికి ఎంప్రెస్ అనే విహార నౌక వచ్చింది. ఆ ఓడను 1990లో రాయల్ కరీబియన్ అనే అమెరికా కంపెనీ కోసం కట్టారు. చాలా ఏళ్లు వాళ్ల దగ్గరే తిరిగి, ఆ తర్వాత మన దేశానికి వచ్చింది. ఆ కంపెనీకి హైతీ దేశం ఉత్తర తీరంలో లబాడీ అని ఒక విహార స్థలం ఉంది. ఇవాళ్టి కథ దానిదే.

హైతీ అంటే మామూలు దేశం కాదు. 1791లో అక్కడి ఉత్తర ప్రాంతంలోనే బానిసలు తిరగబడ్డారు. 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ బానిసలకూ నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ అప్పు తరతరాలు పీడించింది.

1986లో నియంత డువాలియే దేశం విడిచి పారిపోయాడు. ఆ రోజుల్లోనే కంపెనీ ఓడలు ప్రభుత్వం దగ్గర లీజుకు తీసుకున్న లబాడీకి రావడం మొదలైంది. చుట్టూ కంచె, కాపలా. లోపల ఇసుక, ఊయలలు, విందులు. కొన్నేళ్లు ప్రకటనల్లో హైతీ పేరే రాయలేదు, 'హిస్పానియోలా' అన్నారు. ఓడ దిగినవాళ్లలో చాలామందికి తాము ఏ దేశంలో ఉన్నామో కూడా తెలియలేదు.

2010 జనవరి 12న భూకంపం రాజధానిని నేలమట్టం చేసింది. మూడు రోజులకే లబాడీలో ఓడ ఆగింది. ప్రపంచమంతా తిట్టిపోసింది. కంపెనీ మాటా వినాలి కదా: సహాయ సామగ్రి తెచ్చాం, రెండు వందల మందికి పైగా స్థానికులకు ఇక్కడే పని ఉంది, ఓడ రాకపోతే వాళ్ల పొట్ట కొట్టినట్టే అంది. అందులో నిజం ఉంది. అయితే అప్పట్లో ప్రభుత్వానికి దక్కింది ప్రయాణికుడికి ఆరు డాలర్లు.

2016 జనవరిలో స్థానికులు చిన్న పడవల్లో అడ్డం వచ్చి నిరసన తెలిపారు, ఓడ వెనక్కి తిరిగింది. 2024లో ముఠాల హింస పెరిగాక ఓడలు ఆగిపోయాయి. కంపెనీకి బహామాస్‌లో ఇంకో తీరం ఉంది, ఓడ అటు తిరిగింది. లబాడీలో బొమ్మలు చెక్కి అమ్ముకునేవాడు ఎటు తిరగాలి?

ఇప్పుడు పాలకుర్తికి వద్దాం. చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. సంఘం వాళ్లు అండగా నిలబడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు. లబాడీని ఎవరూ గూండాలతో గుంజుకోలేదు, కాగితం మీద సంతకంతో తీసుకున్నారు. నేను రెండూ ఒకటే అనడం లేదు. కానీ ఐలమ్మ అడిగిన ప్రశ్న అక్కడా పనికొస్తుంది: చెమట ఎవరిది, పంట ఎవరిది, మాట ఎవరిది?

2023లో విశాఖలో దాదాపు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. మంచిదే. మనది హైతీ కాదు, ఇక్కడ పోర్టు సర్కారుది. అయినా రేపు ఏ తీరాన్నైనా విహారానికి ఇచ్చేటప్పుడు, అక్కడి మత్స్యకారులకు ఎంత దక్కుతుందో, ఓడ రాని ఏడు వాళ్లేం తింటారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. సంతకాలయ్యాక అడిగితే వినేవాడుండడు.

మీ అభిప్రాయం చెప్పండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.