ఒకే ఒక్క రాతప్రతి

నైజీరియాలోని ఇబాదాన్‌లో యూనివర్సిటీ కాలేజీ పెట్టిన కొత్తల్లో, ఇంగ్లీషు విద్యార్థులకు ‘మిస్టర్ జాన్సన్’ అనే నవల పాఠంగా ఉండేది. రాసింది జాయిస్ కేరీ, ఒకప్పుడు నైజీరియాలోనే బ్రిటిష్ సర్కారు అధికారిగా పనిచేసిన మనిషి. కథ జరిగేదీ అక్కడే. తమ దేశం కథ కాబట్టి పిల్లలు ఇష్టపడతారనుకున్నారు. క్లాసు క్లాసంతా మండిపడింది. దొర ప్రాపకం కోసం తిరిగే ఆ వెర్రిబాగుల గుమాస్తాలో తమవాడెవడూ వాళ్లకు కనపడలేదు. పుస్తకం మొత్తంలో నాకు నచ్చింది జాన్సన్‌ను దొర తుపాకీతో కాల్చేసే ఘట్టమొక్కటే అని ఒక కుర్రాడు లేచి చెప్పాడట. పాఠం చెబుతున్నవారికి నోట మాట రాలేదు.

ఆ క్లాసులో ఆల్బర్ట్ అచెబె కూడా ఉన్నాడు. తండ్రి ఓగిడి అనే ఊళ్లో చర్చి ఉపదేశకుడు. 1930లో పుట్టిన కొడుక్కి విక్టోరియా రాణి భర్త పేరే పెట్టుకున్నాడు. దాని పక్కన ఇగ్బో పేరు కూడా ఉంది, చినువాలుమొగు. దేవుడే నా తరఫున పోరాడుగాక అని దానర్థం. డాక్టరీ చదవమని స్కాలర్‌షిప్ ఇస్తే ఏడాది తిరిగేసరికి దాన్ని వదిలి సాహిత్యంలోకి వచ్చాడు. స్కాలర్‌షిప్ పోయింది. అన్న అగస్టీన్ సెలవులో ఇంటికి వెళ్లడానికి దాచుకున్న డబ్బు తమ్ముడి చేతిలో పెట్టకపోతే చదువు అక్కడితో ఆగేది. ఆ రోజుల్లోనే అతను ఆల్బర్ట్‌ను వదిలేసి, ఇగ్బో పేరును కుదించుకుని చినువా అయ్యాడు. పేరు మార్చుకోవడం ఒక్కరోజు పని. ఆ పేరుతో చెప్పాల్సిన కథకు మాత్రం ఏళ్లు పట్టింది.

కాలేజీలో కథల పోటీ పెడితే ఒకటి రాసి ఇచ్చాడు. బహుమతి ఎవరికీ రాలేదు. ఇతని కథ ఫరవాలేదు గానీ శిల్పం లోపించిందన్నారు. శిల్పమంటే ఏమిటో చెప్పండని లెక్చరర్‌ను అడిగితే, ఇప్పుడు టెన్నిస్‌కు వెళ్లాలి, తర్వాత చెబుతానంది. తర్వాతా అంతే. చివరికి టర్మ్ ముగిసే వేళ, నీ కథ మళ్లీ చదివాను, నిజానికి అందులో లోపమేమీ లేదు అంది. శిల్పం గురించి అతనికి దొరికిన పాఠం అంతే. మిగతాది సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది.

1954లో లాగోస్ రేడియోలో ఉద్యోగం దొరికింది. పగలు ప్రసంగాలు సిద్ధం చేయడం, ఖాళీ దొరికినప్పుడల్లా నవల. తాత, తండ్రి, మనవడు, మూడు తరాల కథ ఒకే పుస్తకంలో పట్టించాలని చూశాడు. 1956లో బీబీసీ శిక్షణకు లండన్ వెళ్లినప్పుడు రాతప్రతి వెంట తీసుకెళ్లాడు. అక్కడ పాఠం చెప్పే గిల్బర్ట్ ఫెల్ప్స్ నవలా రచయిత కూడా. చదివి ముచ్చటపడి, ప్రచురణకర్తలకు చూపిస్తానన్నాడు. ఇక్కడే నాకు అచెబె మీద గౌరవం రెట్టింపవుతుంది. తలుపు దానంతటది తెరుచుకున్నా, ఇంకా పని ఉందండీ, ఇప్పుడే వద్దన్నాడు. మూడు తరాలు ఒకే సంచిలో కుక్కితే ఏ ఒక్కరికీ ఊపిరాడదని అతనికి తెలిసింది. లాగోస్ తిరిగి వచ్చాక మొదటి తరాన్ని, అంటే తాత ఒకొంక్వో కథను మాత్రమే ఉంచి మిగతాది తీసేశాడు. దానికి ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అని పేరు పెట్టాడు.

ఇంత కష్టపడ్డవాడు తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చేత్తో రాసిన కాగితాలు ప్రచురణకర్తలకు పంపడం మర్యాద కాదనుకుని, ఇంగ్లీషు పత్రికలో ఒక టైపింగ్ సంస్థ ప్రకటన చూసి, రాతప్రతిని లండన్‌కు పోస్టు చేశాడు. రెండు టైపు ప్రతులకు అడిగిన డబ్బూ ముందే పంపించాడు. ఇంట్లో ఇంకో నకలు లేదు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. ఉత్తరం మీద ఉత్తరం రాసినా జవాబు లేదు. మనిషి బెంగతో చిక్కిపోయాడు.

అంతలో రేడియోలో అతని పై అధికారి ఏంజెలా బీటీ సెలవు మీద ఇంగ్లండ్ బయలుదేరింది. పుస్తకం సంగతి కాస్త కనుక్కోండని అడిగాడు. ఆవిడ నేరుగా ఆ ఆఫీసుకే వెళ్లి నిలదీసింది. మేం పంపించేశాం, కస్టమ్స్ వాళ్లు ఆపి ఉంటారన్నారు వాళ్లు. అయితే డిస్పాచ్ రిజిస్టర్ చూపించండి అంది. రిజిస్టరే లేదు! ఆఫ్రికా నుంచి వచ్చిన కాగితాల కోసం గుమ్మం దాకా వచ్చి అడిగేవాళ్లుంటారని వాళ్లు అనుకోలేదు. కొన్నాళ్లకు లాగోస్‌కు టైపు ప్రతి వచ్చింది. రెండు కాదు, ఒక్కటే. జరిగిందేమిటో చెబుతూ వెంట చిన్న చీటీ కూడా లేదు. ఆ రాతప్రతి పోయి ఉంటే బహుశా రాయడమే మానేసేవాణ్ణని అచెబె తర్వాత చెప్పాడు.

నవల లండన్‌లో కొన్ని గుమ్మాలు ఎక్కి దిగింది. ఆఫ్రికా వాళ్లు రాసిన నవలలు అమ్ముడుపోవని కొందరు చదవకుండానే తిప్పి పంపారు. హైన్‌మన్ సంస్థలోనూ ఎటూ తేల్చుకోలేక, అప్పుడే పశ్చిమాఫ్రికా ప్రయాణం నుంచి వచ్చిన డొనాల్డ్ మెక్రే అనే అధ్యాపకుడికి చదవమని ఇచ్చారు. ఆయన రాసిన అభిప్రాయం ఒక్క వాక్యమే, యుద్ధం తర్వాత తాను చదివిన నవలల్లో ఇదే మేలైనదని. 1958 జూన్ 17న పుస్తకం వచ్చింది. వేసింది 2,000 ప్రతులు. తర్వాత అది 50కి పైగా భాషల్లోకి వెళ్లింది.

అందులోని ఇంగ్లీషు దొరల ఇంగ్లీషు కాదు. ఊరి పెద్దలు మేకతోలు మీద కూర్చుని, కోలా కాయ పగలగొట్టి పంచుకుని, సామెత మీద సామెత వేస్తూ మెల్లగా అసలు విషయానికి వస్తారు. ఇగ్బో మాట నడక ఇంగ్లీషులో వినిపించేలా అచెబె ఒక్కో వాక్యాన్నీ వంచి చూసుకున్నాడు.

1962లో హైన్‌మన్ ‘ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్’ పేరుతో చవక ధర పుస్తకాలు మొదలుపెట్టింది. మొదటి పుస్తకం ఇదే. సిరీస్‌కు సంపాదకుడు అచెబె. పదేళ్లు జీతం లేకుండా ఇతరుల రాతప్రతులు చదివిపెట్టాడు.

ఆ ఏడే జూన్‌లో ఉగాండాలోని మకెరెరె కాలేజీలో ఇంగ్లీషులో రాసే ఆఫ్రికన్ రచయితలు సమావేశమయ్యారు. ఆఫ్రికన్ సాహిత్యమంటే ఏది, ఆఫ్రికావాడు రాసిందా, ఆఫ్రికా గురించి రాసిందా, ఆఫ్రికా భాషలో రాసిందా అని వాదోపవాదాలు సాగాయి. తెగలేదు. ఆ రోజుల్లోనే అక్కడ చదువుకుంటున్న ఒక కెన్యా కుర్రాడు అచెబె బసకు వెళ్లి తలుపు తట్టాడు. చేతిలో రాతప్రతి. పేరు జేమ్స్ గూగీ. అచెబె దాన్ని చదివి, సూచనలు చెప్పి, హైన్‌మన్ వారికి అందించాడు. ‘వీప్ నాట్, చైల్డ్’ 1964లో అచ్చయింది.

తర్వాత గూగీ కూడా జేమ్స్‌ను వదిలేసి గూగీ వా థియాంగో అయ్యాడు. ఇంగ్లీషులో నవలలు రాయడమూ మానేసి, ఆ విషయంలో అచెబెతోనే విభేదించాడు. 1978లో కెన్యా జైలుగదిలో, టాయిలెట్ కాగితాల మీద, తల్లిభాష గికుయూలో నవల రాసుకున్నాడు. ‘డెవిల్ ఆన్ ది క్రాస్’గా లోకానికి తెలిసిన ఆ నవలను ఎనభైల్లో తెలుగులోకి అనువదించింది వరవరరావు. ఆయన అప్పుడున్నది సికింద్రాబాద్ జైల్లో.