బర్గండీ సీమలోని ద్రాక్షతోట

ఒకే కాలువ నీరు పాఱి, ఒకే విత్తనము చల్లినను గట్టున కీవలి చేని ధాన్యమునకును ఆవలి చేని ధాన్యమునకును రుచిభేద ముండుట మీరెఱిగినదే. ఈ భేదమును దాదాపు తొమ్మిదివందల యేండ్లుగా కనిపెట్టుచు వచ్చిన సీమ ఫ్రాన్సు దేశమున కలదు. దాని పేరు బర్గండీ. అచ్చటి ద్రాక్షమద్యమునుగూర్చి నేడు మనవి చేసెదను. ఈ ముసలి పంతులునకు మద్యముతో నేమి పని యని నవ్వకుడు. నే నెఱిగినది వైద్యు డిచ్చిన ద్రాక్షాసవము మాత్రమే. నాకు గావలసినది నేలకథ.

అది 47వ ఉత్తర అక్షాంశమునకు చేరువనున్న చలిసీమ. తూర్పుమొగమైన వాలు, సున్నపురాయి, దానిపై బంకమన్ను. అక్కడి నల్లద్రాక్షకు పినో నువార్ అని పేరు. గుత్తి సరళవృక్షపు కాయవలె నుండుటచే ఆ పేరు వచ్చినదందురు. ఈ తీగ మిక్కిలి సుకుమారము. తొందరగా చిగిర్చును, మంచు గడ్డకట్టిన వసంతరాత్రులలో ఆ చిగుళ్లు మాడిపోవును. రైతులు సాళ్లనడుమ మంటలు పెట్టి తెల్లవార్లు కాచుకొందురు. తోలు పలుచనగుటచే వాన తగిలిన కుళ్లును. ఇంత కష్టమేల యందురా? వేడిసీమలో ఈ పండు త్వరపడి పండి, తీపి హెచ్చి, పరిమళము కోల్పోవును. చలిలో మెల్లగా పండినపుడే పులుపు నిలిచి సువాసన యేర్పడును. రసము రంగు పలుచన. క్రొత్తదానియందు చెర్రీపండ్ల వాసనయు, ఏండ్లు గడచినదానియందు తడిసిన యడవినేల వాసనయు తోచునని రుచి యెఱిగినవారి మాట.

1098లో సీతో అనుచోట నొక క్రైస్తవ మఠము వెలసెను. దాని సన్న్యాసులు దానముగా వచ్చిన భూములలో, 12వ శతాబ్దమున, వూజో గ్రామమున ద్రాక్ష నాటిరి. 1336 నాటికి సుమారు 125 ఎకరముల ఆ తోటచుట్టు రాతిప్రాకారము పూర్తియయ్యెను. వారు మట్టిని నోట వేసికొని రుచి చూచిరని యొక కథ కలదు, కథగానే వినుడు. ఒక తరమువారు కనిపెట్టినదానిని మఱొక తరమున కందించి, ఒకే నేలను విడువక చూచుటయే వారి ఘనకార్యము. ఇట్లు వేఱుగా గుర్తింపబడిన తుండును అచ్చట క్లిమా యందురు. అట్టివి వేయికి పైబడి యున్నవి. 2015లో యునెస్కో సంస్థ వానిని ప్రపంచ వారసత్వములో చేర్చినది.

1395లో ఆ సీమ ప్రభువగు ఫిలిప్ ఒక శాసనము చేసెను. గమే యను వేఱొక ద్రాక్ష విస్తారముగా కాచును, ముందుగా పండును. మహామారి తరువాతి రైతులు దానిని నాటుకొనిరి. ప్రభువు దానిని ద్రోహి తీగ యని నిందించి పెఱికివేయు డని యాజ్ఞాపించెను. పినోకు నేడున్న కీర్తిలో ఆ యాజ్ఞకు పాలున్నది. అయినను, కడుపు నిండుటకు నాటుకొన్న తీగను పెఱికిన రైతుచేతిని నేను మఱువజాలను.

ఫ్రెంచి విప్లవమున మఠభూములు ప్రభుత్వపరమై, 1791లో ఈ తోట అమ్ముడుపోయెను. 1889 వఱకు ఒకరి చేతి క్రిందనే యుండి, అటుపిమ్మట ముక్కలయ్యెను. నేడు దానికి ఎనుబదిమంది వఱకు యజమానులు. పైవాలున రాయి హెచ్చు, నీరు జాఱిపోవును. దిగువ బాటప్రక్క మన్ను నీటిని పట్టియుంచును. ప్రాకార మొక్కటి యగుటచే సీసాపై పేరు మాత్రము ఒక్కటే. ఇది న్యాయమని నాకు తోచదు.

19వ శతాబ్దపు టుత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన ఫిలోక్సెరా యను పురుగు వేళ్లను తినివేయగా, అమెరికా వేరుపై ఫ్రెంచి కొమ్మ నంటుగట్టి బ్రదికించుకొనిరి. నాలుగున్నర ఎకరముల రొమానే కొంతి తోటవారు మాత్రము 1945 వఱకు అంటులేని తీగలనే నిలుపుకొని, చివరకు వారును పెఱికి, 1947లో తిరుగ నాటిరి.

పురుగు పోయినను ఎండ వచ్చినది. బోన్ పట్టణమున 1354 మొదలు ద్రాక్షకోత దినములు వ్రాయబడి యున్నవి. 2019లో పండితులు వానిని పరిశీలించి, 1988 తరువాత కోత సగటున 13 దినములు ముందునకు జరిగినదని తేల్చిరి. 2003, 2020 సంవత్సరములలో ఆగస్టునందే కోత మొదలయ్యెను. పూర్వము చలికి కాయ సరిగా పండదని తక్కువగా నెంచిన మెట్టపొలముల వైపు ఇప్పుడు కొందఱు రైతులు చూచుచున్నారు.