తెర వెనుక గొంతు, చేతిలోని ఫోను: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత దృశ్యకథన చరిత్ర

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఉన్నాయి. ఈ ప్రాంతం నుంచి జర్నలిజం అభ్యసించే విద్యార్థి నేడు కలం కంటే ముందు ఫోను తీస్తాడు. దీని సమీప నేపథ్యం అందరికీ తెలిసిందే. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకయింది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించగానే, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ ఖాళీలోకి ప్రవేశించింది. 1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురం నుంచి ‘శ్రీసాధన పత్రిక’ వెలువరించిన నాడు వార్త అంటే అచ్చక్షరం. ఇప్పుడది కదిలే బొమ్మ. అయితే ఈ పరిణామాన్ని పూర్వచరిత్ర లేని సాంకేతిక సంఘటనగా పరిగణించలేము. బొమ్మతో కథ చెప్పడం ఈ నేలపై కనీసం ఐదు శతాబ్దాల నాటి విద్య. ఆ విద్యలో బొమ్మ ఎన్నడూ ఒంటరిగా నిలవలేదు. దాని పక్కన ఒక గొంతు ఉండేది. నేటి చిన్న వీడియోలో ఆ గొంతు ఏమవుతున్నదన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

గోడ మీది కథ

హిందూపురానికి చేరువలోని లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల పాలనాకాలం (1529–1542) నాటిది. నిర్మాతలుగా విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లు ప్రసిద్ధం. మండపం కప్పు మీద చిత్రించిన కిరాతార్జునీయ ఘట్టాన్ని గమనిస్తే ఆనాటి కథనపద్ధతి బోధపడుతుంది. పొడవైన పట్టీలో అర్జునుడు మళ్ళీమళ్ళీ కనిపిస్తాడు. ఒకచోట తపస్సులో ఉంటాడు, మరొకచోట వరాహంపై బాణం సంధిస్తాడు, ఇంకొకచోట కిరాతవేషధారి శివునితో తలపడతాడు. ఒకే మనిషిని పలుమార్లు చిత్రించి కాలాన్ని స్థలంగా మార్చడం ఇందులోని ఉపాయం. చూసేవారు తల పైకెత్తి నడిస్తేనే కథ కదులుతుంది. కథ ముందే తెలిసి ఉండాలి. లేదా తెలిసినవారు పక్కన నిలిచి చెప్పాలి.

ప్రస్తుతం ఈ ఆలయం పేరుతో సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా తిరిగే దృశ్యం వేలాడే స్తంభం. స్తంభం అడుగున ఒక గుడ్డను ఒకవైపు నుంచి దూర్చి మరొకవైపు లాగుతారు, వీడియో ముగుస్తుంది. ఆ గుడ్డ లాగేవారి తలల మీదే విజయనగర చిత్రకళలోని అత్యుత్తమ కథనం ఉన్నదన్న సంగతి ఆ చట్రంలోకి రాదు. దీనికి తోడు జటాయువును రాముడు ‘లే పక్షీ’ అన్నాడనీ, విరుపణ్ణ తన కళ్ళను తానే గోడకు కొట్టుకున్నాడనీ కథలు ‘చరిత్ర ప్రకారం’ అన్న మాటతో వినిపిస్తాయి. ఈ కథలను తీసిపారేయనక్కరలేదు. అవి జనస్మృతి, వాటికీ అధ్యయనవిలువ ఉంది. కానీ ఆలయ శాసనాలు చెప్పేవి వేరు: అవి దానాల లెక్కలు. పైగా వాటిలో అధికభాగం కన్నడంలో ఉన్నాయి. ఈ సరిహద్దు ప్రాంతపు విద్యార్థి పాత్రికేయునికి కన్నడ లిపి పరిచయం మంచి కెమెరా కంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. ‘అని చెబుతారు’, ‘అని శాసనంలో ఉంది’ అనే రెండు వాక్యాంతాల మధ్య భేదాన్ని పాటించడానికి వీడియోలో రెండు సెకన్లు చాలు.

తెర మీది కథ

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఇక్కడి బొమ్మల ముఖరేఖలకు, ఆభరణాలకు లేపాక్షి చిత్రాలతో గల పోలికను కళాచరిత్రకారులు గుర్తించారు. అయితే గోడ మీద స్థిరంగా ఉన్న బొమ్మ ఇక్కడ దీపం ముందు కదిలింది. పక్కన నిలిచి చెప్పే గొంతు తెర వెనుకకు చేరింది. మేకతోలును పలుచగా, వెలుగు చొరబడేంతగా శుభ్రపరచి, రంధ్రాలు పొడిచి, రంగులద్ది, తెల్లని తెర వెనుక ఆడిస్తారు. ఆడించేవారే పాడతారు, సంభాషణలు పలుకుతారు, కాలికింద చెక్క తొక్కి చప్పుడు చేస్తారు. రాత్రంతా సాగే రామాయణ, భారత కథల మధ్య కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశిస్తారు. పరిశోధకులు వీరిని సాధారణంగా హాస్యపాత్రలుగానే వర్గీకరిస్తారు. వీరు పురాణంలోని వారు కారు, ఊరివారు. ఆ ఊరి సంగతులు, ఆ ఏటి కరువు, పెద్దల లోపాలు ఎత్తిచూపే వెసులుబాటు వీరి నోటికే ఉండేది. స్థానిక వార్త ఈ ప్రాంతంలో తెర మీదకు వచ్చిన తొలి మార్గాల్లో ఇది ఒకటని చెప్పవచ్చు.

నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికే తోలుబొమ్మ చాలావరకు దీపపు తొడుగుగా, గోడ అలంకరణగా మారి బతుకుతున్నది. కళాకారుల కుటుంబాలకు అది ఆదాయం, తప్పుపట్టేది కాదు. చిన్న వీడియో మాత్రం ఈ విభజనను పూర్తిచేస్తుంది. రంగుల బొమ్మ కనబడుతుంది, వెనుక సినిమా పాట వినబడుతుంది. బొమ్మ మిగిలింది, గొంతు పోయింది.

కెమెరా ఎత్తు

గొంతు ఎవరిదన్న ప్రశ్నకు చూపు ఎవరిదన్న ప్రశ్న జంట. దీనికి తెలుగునేలపైనే ఒక సమాధానం ఉన్నది, అయితే అది ఈ జిల్లాలోది కాదు. జహీరాబాద్ ప్రాంతపు పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలు వీడియో చిత్రణ నేర్చుకున్నారు. పైనుంచి కిందికి చూసే కోణాన్ని వారు ‘పటేల్ షాట్’ అన్నారు. కంటికి కన్ను సమానంగా ఉండేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేల మీద ఒకే వరుసలో కూర్చుంటారు కనుక ఆ పేరు. సినిమా పాఠ్యగ్రంథాల్లోని కోణాల పరిభాషను వారు తమ అనుభవం నుంచి తిరిగి రాశారు.

ఈ పరిభాషను ధర్మవరం మగ్గం ఇంటికి తీసుకువెళితే దాని పదును తెలుస్తుంది. గుంటమగ్గంలో నేతకార్మికుని కాళ్ళు గోతిలో ఉంటాయి, నడుము నేలమట్టానికి ఉంటుంది. నిలబడి తీసిన ప్రతి వీడియో, తీసేవారికి ఉద్దేశం లేకపోయినా, పటేల్ షాటే అవుతుంది. పట్టుచీర జరీ అంచు స్పష్టంగా కనిపిస్తుంది, నేసేవారి ముఖం కనిపించదు. సంఘం షాట్ కావాలంటే విద్యార్థి నేల మీద కూర్చోవాలి, కొంతసేపు కూర్చోవాలి. అంతసేపు కూర్చున్నవారికి పట్టునూలు ధర, షావుకారు బాకీ, మరమగ్గం పోటీ గురించిన మాటలు అడగకుండానే వినబడతాయి.

పెనుకొండలో ఈ సమస్య డ్రోన్ రూపంలో ఎదురవుతుంది. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజధాని ఇక్కడికి తరలింది. 2019 నుంచి అదే మండలంలోని ఎర్రమంచి వద్ద కియా కార్లు తయారవుతున్నాయి. కొండకోట, గగనమహల్, కర్మాగారపు కప్పులు ఆకాశం నుంచి ఒకదాని వెంట ఒకటి చూపితే గొప్ప దృశ్యం. ఆ ఎత్తు నుంచి భూమి ఇచ్చిన రైతు, గుత్తేదారు కింద పనిచేసే యువకుడు, కోటగోడ రాళ్ళ మధ్య మేకలు మేపే మనిషి చుక్కలుగా కూడా ఆనరు. వారి మాట కావాలంటే డ్రోన్‌ను దించి, జాతీయ రహదారి పక్కన షిఫ్టు ముగిసే వేళ వరకు ఆగాలి.